చావలేదు కదా అన్న ధీమా

ఫైటర్ చేపకి ఫిల్టర్ అక్కర్లేదు. అక్వేరియం పెట్టినవాళ్లలో ఈ మాట అననివాళ్లు అరుదు. దుకాణంలో అమ్మేవాడు అన్నాడు, కొన్నవాడు నమ్మాడు, నాలుగు తొట్లు పెట్టి అనుభవం గడించామనుకున్న మనం దానికి శాస్త్రాన్ని తోడు చేశాం. "అది లాబిరింత్ ఫిష్ అండీ, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, దానికి మోటారెందుకు?" ఈ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం మన బద్ధకం. నిజాన్ని ముందు నడిపించి దాని వెనక బద్ధకాన్ని దాచుకోవడంలో చేపలు పెంచేవాళ్లం బాగా ఆరితేరాం.

నిజం సంగతి ముందు చూద్దాం. ఫైటర్, గౌరామీలు, ప్యారడైజ్ ఫిష్, అనాబాస్, ఇవన్నీ ఒక గుంపు. వీటికి మొప్పల పైన, తలలోనే ఒక గది ఉంటుంది. మొదటి మొప్పకి ఆధారంగా ఉండే ఎముకలో ఒక భాగం అక్కడ మడతలు మడతలుగా పెరిగి, దాని మీద సన్నని రక్తనాళాలతో నిండిన తడి పొర కప్పుకుని ఉంటుంది. ఈ మడతల ఏర్పాటే లాబిరింత్. చేప పైకొచ్చి ఒక గుక్క గాలి తీసుకుంటే ఆ గాలి మడతల్లో నిలుస్తుంది, అందులోని ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది. పెద్దయ్యాక వీటిలో చాలావాటికి ఈ గాలి తప్పనిసరి. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా సరే, పైకి రానివ్వకపోతే ఊపిరాడక చచ్చిపోతాయి. పిల్లలకి మాత్రం పుట్టగానే ఈ ఏర్పాటు ఉండదు. మొదటి కొన్ని వారాలు వాటికి మొప్పలే దిక్కు. ఇంట్లో ఫైటర్లు గుడ్లు పెడితే సంబరపడి, పిల్లలు కుప్పలుగా చచ్చిపోతే తలరాత అనుకున్నవాళ్లం ఈ ఒక్క సంగతి తెలుసుకోలేదు.

ఈ చేపల ఓర్పు ముందునుంచీ వాటికే శాపమైంది. 1869లో చైనా నుంచి ప్యారడైజ్ చేపలు పారిస్ చేరాయి. అక్కడ పియర్ కార్బోనియే అనే ఆయన వాటిని పెంచి పిల్లల్ని తీయించాడు. గోల్డ్ ఫిష్ తర్వాత యూరప్ ఇళ్లలోకి వెళ్లిన తొలి అలంకార చేపల్లో అదొకటి. కరెంటు పంపులు లేని ఆ రోజుల్లో అంత దూరం ఓడ ప్రయాణం తట్టుకుని బతికిందంటే అది చేప గొప్పతనం. ఆ తట్టుకోవడాన్నే పెంపకం సూత్రంగా రాసుకున్నది మనం.

మన దగ్గర ఈ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు కొంత అర్థమవుతుంది. కొర్రమీను మనకి కొత్త కాదు. లాబిరింత్ చేపలకి దగ్గరి చుట్టమే, దానికీ మొప్పల పైన గాలి గది ఉంది. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో టబ్బులో ఒకదాని మీద ఒకటి పడి కదులుతుంటాయి. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం వచ్చిన జనం కొర్రమీను పిల్లల్ని ప్లాస్టిక్ కవర్లో కాసిని నీళ్లు పోసి పట్టుకుని గంటలకొద్దీ వరసలో నిలబడతారు. అవి బతికే ఉంటాయి. కూర వండేదాకానో, వరస ముందుకు కదిలేదాకానో బతకాల్సిన చేపకి ఆ నీళ్లు చాలు. మూడేళ్లకు పైగా మన బల్ల మీద బతకగల ఫైటర్‌ని కూడా అదే కొలతతో కొలిచాం. చావలేదు కదా, అంటే బాగానే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు మనం చెప్పకుండా దాటేసిన సగం. చేప గాలి పీల్చేది పైన, కానీ విసర్జించేదంతా నీళ్లలోనే. తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే అమ్మోనియా ఎక్కువగా మొప్పల గుండానే బయటికొస్తుంది. దాన్ని గాలిలోకి వదిలే దారి లాబిరింత్‌లో లేదు. బొగ్గుపులుసు వాయువు సంగతీ దాదాపు ఇంతే, అదీ చాలావరకు మొప్పల దారినే పోతుంది. కాబట్టి లాబిరింత్ చేపకి మొప్పలు అక్కర్లేదన్నట్టు మాట్లాడటం శుద్ధ తప్పు. ఆ మొప్పల్నే నీళ్లలో పేరుకున్న అమ్మోనియా కాలుస్తుంది.

అమ్మోనియాని ఒకరకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకోరకం ఆ నైట్రైట్‌ని పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండో పని నైట్రోబ్యాక్టర్ చేస్తుందని పాత అక్వేరియం పుస్తకాలన్నీ రాశాయి. 1990ల చివర్లో పరిశోధకులు చూస్తే, తొట్లలో ఆ పని చేసేది ఎక్కువగా నైట్రోస్పైరా అని తేలింది. పేరేదైనా ఈ జీవులు నీళ్లలో తేలుతూ తిరగవు. ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, వాటి ముందునుంచి ఆక్సిజన్ ఉన్న నీళ్లు కదులుతూ ఉండాలి. ఫిల్టర్ అంటే వాటి ఇల్లు. బుడగలు రావడం, నీళ్లు తళతళలాడటం పై మెరుగులు.

ఈ బాక్టీరియా సగం పనే చేసిన తొట్టిలో నైట్రైట్ పేరుకుంటుంది. అది రక్తంలోకి వెళ్లి హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది, రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు చేప నిమిషానికోసారి పైకొచ్చి గాలి మింగుతుంది. మనం చూసి, "చూశారా, ఎంత చలాకీగా ఉందో" అంటాం. ఎంత గాలి మింగినా దాన్ని ఒంట్లోకి చేరవేయడానికి రక్తానికి శక్తి ఉండదు. దేన్ని చూపించి ఫిల్టర్ వద్దన్నామో, ఆ అవయవమే ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఈ ముక్క ఏ దుకాణంలోనూ వినపడదు. మనమూ ఎవరికీ చెప్పలేదు.

దీనికి మన నీళ్లు ఆజ్యం పోస్తాయి. అమ్మోనియాలో విషమైన భాగం నీటి పీహెచ్ పెరిగేకొద్దీ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది మొత్తంలో అర శాతం చిల్లర, పీహెచ్ 8 ఉంటే 5 శాతం దాటుతుంది, అంటే దాదాపు పది రెట్లు. వేడి పెరిగితే ఇంకాస్త ఎక్కుతుంది. బోరు నీళ్లు క్షారంగా ఉండే ఊళ్లు మనకి బోలెడు, ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. అరలీటరు సీసాలో ఉన్నా, ఇరవై లీటర్ల తొట్టిలో ఉన్నా ఆ చేప వదిలే అమ్మోనియా ఒకటే. సీసాలో అది నలభై రెట్లు చిక్కగా ఉంటుంది.

అసలు సీసా ఎందుకొచ్చింది? మగ ఫైటర్లు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి కాబట్టి దుకాణదారు విడివిడిగా పెడతాడు. అమ్ముడుపోయేదాకా అది సరుకు నిలవ పద్ధతి. దాన్ని ఇల్లనుకుని అలాగే తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టింది మనం. పుట్టినరోజుకి వచ్చిన పిల్లలకి గాజు గిన్నెలో చేపని పెట్టి రిటర్న్ గిఫ్టుగా పంచిందీ మనమే. ఎవరైనా అడిగితే "థాయిలాండ్‌లో ఇవి వరి మళ్లలో, గుంటల్లోనే ఉంటాయి" అని జవాబు. ఉంటాయి, నిజమే. ఆ నీళ్లు మోకాలి లోతు లేకపోవచ్చు, కానీ మడి వెంట మడి, ఎకరాల కొద్దీ పరచుకుని ఉంటాయి. అడుగున బురద, నిండా మొక్కలు, కాలవలతో రాకపోకలు. మనం లోతు చూశాం, విస్తీర్ణం చూడలేదు. 2019లో థాయిలాండ్ ఈ చేపని తన జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మనకి మాత్రం హాఫ్‌మూన్, క్రౌన్‌టెయిల్, ప్లకాట్, డంబో అని రకాల పేర్లన్నీ కంఠతా వచ్చు. అమ్మోనియా చూసే టెస్ట్ కిట్ ఎంతమంది ఇళ్లలో ఉందో చేతులెత్తమంటే ఎత్తేవాళ్లు కొద్దిమందే.

ఫిల్టర్ పెట్టినవాళ్లమైనా సరిగ్గా చేశామా అంటే, అదీ లేదు. చుట్టాలొచ్చినప్పుడు ఆన్ చేసి, రాత్రి చప్పుడవుతోందనో కరెంటు బిల్లనో ఆపేశాం. నీళ్లు కదలడం ఆగితే స్పాంజిలోని బాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లూ స్పాంజీ కుళాయి కింద తోమి తోమి కడిగాం. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బాక్టీరియాని తుడిచిపెడుతుంది. అవి మళ్లీ ఊరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఈలోపు నెల తిరిగి ఇంకోసారి కడిగేశాం. ఇక కొందరం పెద్ద తొట్లకి వాడే పవర్ ఫిల్టర్ తెచ్చి చిన్న తొట్టిలో బిగించాం. పొడుగు రెక్కల ఫైటర్ ఆ ఉరవడికి ఎదురీదలేక మూలన నక్కితే, "దీనికి ఫిల్టర్ పడదు" అని తీర్పు చెప్పాం. తప్పు మన ఎంపికది, శిక్ష చేపకి. నీళ్లు అంచుదాకా నింపి మూత బిగించినవాళ్ల సంగతి సరేసరి. గాలి పీలుస్తుందని అందరికీ చెప్పేది మనమే, ఆ గాలికి జాగా ఉంచనిదీ మనమే.

ఫిల్టర్ లేకుండా అసలు కుదరదా అంటే, కుదురుతుంది. డయానా వాల్‌స్టాడ్ 1999లో మొక్కల అక్వేరియం మీద ఒక పుస్తకం రాసింది. అడుగున మట్టి, దట్టంగా మొక్కలు, తక్కువ చేపలు ఆమె పద్ధతి. మొక్కలు అమ్మోనియాని నేరుగా మేతగా తీసుకుంటాయి కాబట్టి అక్కడ మోటారుకి పెద్ద పని ఉండదు. అలా పెంచేవాళ్లు మనలోనూ ఉన్నారు, వాళ్లకి నా దండం. ప్లాస్టిక్ మొక్కా రంగురాళ్లూ వేసిన గిన్నెని చూపిస్తూ ఆమె పద్ధతిని సాక్ష్యం పిలిచే హక్కు మాత్రం మిగతా మనకెవరికీ లేదు. మొక్కలూ లేక, ఫిల్టరూ లేక బతికించాలంటే రెండుమూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూనే ఉండాలి. మొదటి వారం మార్చాం. రెండో వారం గుర్తొచ్చినప్పుడు మార్చాం. ఆ తర్వాత చేప "హఠాత్తుగా" పోయింది. దాని ఆయుష్షు అంతేనన్నాం, వాస్తు ప్రకారం ఇంటి కీడు అది తీసుకుపోయిందని కూడా అన్నాం, మర్నాడు ఇంకోటి కొన్నాం.

ఇది తెలియక చేసిన తప్పని తప్పించుకోలేం. ఈ రసాయనశాస్త్రం ఇప్పుడు కనిపెట్టింది కాదు, ఏ మంచి అక్వేరియం పుస్తకంలోనైనా మొదటి అధ్యాయాల్లోనే ఉంటుంది. మనకి నచ్చిన సగం చదివి ఆపేశాం, చదివినవాళ్లమని పది మందికి బోధించాం.

కాబట్టి ఇకమీదట ఎవరైనా అడిగితే పూర్తి జవాబు చెబుదాం: ఊపిరికి అక్కర్లేదు, మురికికి కావాలి. ఇరవై లీటర్లకి తగ్గని తొట్టి, మూత కింద రెండంగుళాల ఖాళీ, చిన్న ఎయిర్ పంపుతో నెమ్మదిగా నడిచే స్పాంజి ఫిల్టర్. అది రాత్రీ పగలూ ఆన్‌లో ఉండాలి. స్పాంజి పిండాల్సి వస్తే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఇదంతా కలిపినా కొన్ని వందల రూపాయల నుంచి వెయ్యీ రెండు వేల లోపు ఖర్చు. మీ ఇంట్లో ఇప్పటికే సీసాలో ఫైటర్ ఉంటే ఈ వారమే దాన్ని మార్చండి. కొత్త తొట్టిలో బాక్టీరియా ఊరేదాకా మొదటి ఆరు వారాలు మేత తగ్గించి, రెండుమూడు రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చండి, పోసే నీళ్లకి యాంటీ క్లోరిన్ చుక్కలు మరవకండి.