1-0లో ఆ సున్నా ఎవరిది?

దేశం తరఫున 142 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోల్స్ రెండు. ఈ రెండు అంకెలే రాసిన రెజ్యూమె మన క్యాంపస్ డ్రైవ్‌కు వస్తే మొదటి రౌండ్‌లోనే పక్కన పెట్టేస్తారు. "పద్నాలుగేళ్లలో రెండేనా?" అని ఎవరో ఒకరు నవ్వుతారు కూడా.

ఆ అంకెలు లిలియన్ తురామ్‌వి. 1998 ప్రపంచకప్, 2000 యూరో కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో డిఫెండర్. 1972లో కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో పుట్టి, చిన్నతనంలోనే పారిస్ ప్రాంతానికి వచ్చి, మొనాకో, పార్మా, యువెంటస్, బార్సిలోనా క్లబ్‌లకు ఆడాడు. దేశం తరఫున కొట్టిన ఆ రెండు గోల్స్ కూడా ఒకే రోజు కొట్టాడు. 1998 జులై 8న క్రొయేషియాతో సెమీఫైనల్. ఆ మ్యాచ్‌లో మిగతా డిఫెండర్లు ముందుకు జరిగితే తురామ్ ఒక్కడే వెనక ఉండిపోయాడు. దాంతో ఆఫ్‌సైడ్ కావాల్సిన సూకర్ ఆఫ్‌సైడ్ కాలేదు, గోల్ పడింది. నిమిషం తిరక్కుండానే తురామ్ స్కోరు సమం చేశాడు. తర్వాత ఇంకోటి కొట్టాడు. ఫ్రాన్స్ 2-1తో ఫైనల్‌కు వెళ్లింది.

తురామ్ పేరు చెప్తే ఫుట్‌బాల్ చూసేవాళ్లు ముందుగా చెప్పేది ఆ రోజు గురించే. మరి గోల్ కొట్టని మిగతా 141 మ్యాచ్‌ల్లో ఏం చేసినట్టు? ఆ ప్రపంచకప్ ఏడు మ్యాచ్‌ల్లో ఫ్రాన్స్ మొత్తం మీద ఇచ్చింది రెండే గోల్స్. జీదాన్ ఫైనల్‌లో తలతో కొట్టిన గోల్స్ ఎంత ముఖ్యమో, వెనక నిలబడినవాళ్లు పడనివ్వని గోల్స్ కూడా అంతే ముఖ్యం. కాకపోతే పడని గోల్‌కు రీప్లే ఉండదు.

హైదరాబాద్ డిఫెండర్ కథ

ఇలాంటి కెరీర్ కోసం ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో 1944లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ ఉన్నారు. పేరు ఎప్పుడైనా విన్నారా? మన క్లాసులో పది మందిని అడిగితే ఒకరు చెప్పినా గొప్పే.

హైదరాబాద్ ఒకప్పుడు దేశ ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ 1962 ఫైనల్ కథ చెప్పేటప్పుడు జర్నైల్ సింగ్ పేరు తప్పకుండా వస్తుంది. ఆయన డిఫెండరే. కానీ తలకు కుట్లతో ముందుకెళ్లి ఆడి గోల్ కొట్టాడు కాబట్టి గుర్తుపెట్టుకున్నాం. అక్కడా అదే లెక్క, డిఫెండర్‌ను కూడా గోల్ కొడితేనే తల్చుకుంటాం.

నయీముద్దీన్ ఆ హైదరాబాద్ వాతావరణంలో పెరిగి, సిటీ పోలీస్ జట్టుకు ఆడి, తర్వాత కోల్‌కతా వెళ్లారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్‌లకూ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్ ఆయనే. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో జపాన్‌ను 1-0తో ఓడించాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన చివరి పతకం అదే. ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంకోటి రాలేదు.

ఆ స్కోరును ఒకసారి చూడండి. 1-0. ఆ ఒకటి ఎవరిదో రికార్డుల్లో పేరుతో సహా ఉంటుంది. మరి ఆ సున్నా ఎవరిది? జపాన్ ఖాతాలో ఆ సున్నాను తొంభై నిమిషాలు అలాగే ఉంచింది నయీముద్దీన్, ఆయనతో పాటు వెనక నిలబడ్డవాళ్లు. ఆ సున్నా లేకపోతే ఆ ఒకటికి పతకం విలువ ఉండేది కాదు.

గుర్తింపు ఎప్పుడొచ్చింది? కోచ్‌గా 1990లో ద్రోణాచార్య. ఆటగాడిగా అర్జున అవార్డు 1997లో. అంటే పతకం తెచ్చిన 27 ఏళ్లకు! కోచ్‌గా పేరొచ్చిన ఏడేళ్లకు గానీ ఆటగాడిగా ఆయన చేసిన పని ఎవరికీ గుర్తుకు రాలేదు.

మన ఊళ్లో, మన ఆఫీసుల్లో

ఇది ఫుట్‌బాల్‌కే పరిమితమైన సంగతి కాదు. మా తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమి తీర్థం. చక్రస్నానం వేళకు పద్మ సరోవరం చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం. బారికేడ్లు కట్టేవాళ్లు, గేట్ల దగ్గర నిలబడేవాళ్లు, జనాన్ని కొంచెం కొంచెంగా కోనేటిలోకి వదిలేవాళ్లు, ఊడ్చేవాళ్లు తెల్లవారకముందే పనిలో ఉంటారు. వాళ్ల పని బాగా జరిగితే మర్నాడు వచ్చేది ఒక్క ముక్క, 'ప్రశాంతంగా ముగిసింది' అని. ఆ ఒక్క ముక్క వెనక ఎంత మంది ఎన్ని గంటలు నిలబడ్డారో ఎవరూ లెక్క రాయరు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలా నిలబడేవాళ్లు ఉన్నారు. టెస్టింగ్, ప్రొడక్షన్ సపోర్ట్, సైబర్ సెక్యూరిటీ, డేటాబేస్ అడ్మిన్, సర్వర్లు పడిపోకుండా చూసే టీమ్‌లు. మన తెలుగువాళ్ల ఐటీ ప్రయాణంలో ఒక పెద్ద మలుపు కూడా ఇలాంటి పనితోనే వచ్చింది. అదే వైటూకే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాయడం వల్ల 2000 వచ్చేసరికి కంప్యూటర్లు 1900 అనుకునే ప్రమాదం ఉండింది. దాన్ని సరిచేయడానికి కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లు రాసింది కొత్త యాప్ కాదు. పాత కోడ్‌లో లైను లైనూ వెతికి తప్పు దిద్దారు. 2000 జనవరి 1 వచ్చింది, పెద్ద నష్టమేమీ లేకుండా వెళ్లిపోయింది. అప్పుడు లోకం ఏమంది? "అంతా ఉత్త హడావుడి" అంది. పని సరిగ్గా జరగడం వల్లే ఏమీ కాలేదన్న సంగతి చాలామందికి తట్టలేదు.

కాపలా తప్పితే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. పరీక్షల్లో దొరకాల్సిన తప్పు దొరక్కుండా బయటికి వెళ్లింది. దానికి తోడు ఆ అప్‌డేట్‌ను విడతలవారీగా కాకుండా అందరికీ ఒకేసారి పంపారు. రెండూ డిఫెండర్లు చూసుకోవాల్సిన పనులే.

"అంటే కోడింగు రాయవా?"

ఇంత ముఖ్యమైన పనికి మన దగ్గర ఉన్న మర్యాద ఎంతో మీకూ తెలుసు. ఆఫర్ లెటర్ వచ్చిందని చెప్పగానే బంధువుల మొదటి ప్రశ్న: "ఏం ఉద్యోగమప్పా? టెస్టింగా? అంటే కోడింగు రాయవా?" తోటి విద్యార్థులే "అయ్యో, సపోర్ట్‌లో పడ్డావా" అంటారు. తిరుపతిలో చదివి బెంగళూరు బస్సెక్కే పిల్లలు నాకు పంపే మెసేజ్‌ల్లో తరచూ కనిపించే ప్రశ్న కూడా ఇదే: "అన్నా, సపోర్ట్ ప్రాజెక్ట్ ఇచ్చారు. చేరాలా, డెవలపర్ జాబ్ వచ్చేదాకా ఆగాలా?"

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చేతిలో వేరే ఆఫర్ లేకుండా, కేవలం పేరు నచ్చలేదని ఏడాది ఖాళీగా కూర్చోవద్దు. ఒక సిస్టమ్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే అది ఎక్కడెక్కడ విరుగుతుందో చూడటాన్ని మించిన చదువు లేదు. రాత్రి రెండింటికి ఆగిపోయిన పేమెంట్ ఎందుకు ఆగిందో లాగ్స్ తిరగేసి పట్టుకున్నవాడికి డేటాబేస్, నెట్‌వర్క్, కోడ్ మూడూ ఒకేసారి పరిచయమవుతాయి. నేనూ సపోర్ట్ నుంచే మొదలుపెట్టాను. ఇవాళ బ్లాగులో రాసే వాటిలో సగం ఆ రోజుల్లో నేర్చుకున్నవే.

అట్లని ఈ పని గొప్పది కాబట్టి ఏ జీతానికైనా, ఏ షిఫ్టుకైనా సర్దుకోమని నేను చెప్పట్లేదు. ఈ ఉద్యోగాల్లో ప్రమాదాలు నిజంగానే ఉన్నాయి. రెండు మూడేళ్లు టికెట్లు ఒకరి నుంచి ఇంకొకరికి పంపడమే పనైతే మీరు ఎదగరు. స్క్రీన్ మీద ఒకే బటన్ నొక్కి ఎక్సెల్‌లో 'పాస్' అని రాసే టెస్టింగ్‌ను ఆటోమేషన్ ఎప్పటి నుంచో తినేస్తోంది, ఇప్పుడు ఏఐ ఇంకా తొందరగా తినేస్తుంది.

ఇక్కడ కూడా ఫుట్‌బాల్ నుంచి నేర్చుకునేది ఉంది. 1992లో ఒక రూల్ మారింది. అంతకుముందు డిఫెండర్ ఒత్తిడిలో పడితే బంతిని వెనక్కి తన్ని గోల్‌కీపర్ చేతికి ఇచ్చేవాడు. కొత్త రూల్ ప్రకారం సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో ముట్టుకోకూడదు. బంతిని తన్ని అవతల పడేయడం తప్ప ఇంకేమీ రాని డిఫెండర్లకు అక్కడ కష్టకాలం మొదలైంది. కాళ్ల దగ్గర బంతి పెట్టుకుని, తల ఎత్తి చూసి, ముందున్నవాడికి పాస్ ఇవ్వగలిగినవాడికి విలువ పెరిగింది. తురామ్ అంతర్జాతీయ కెరీర్ మొత్తం ఈ రూల్ వచ్చాకే సాగింది.

మనకూ రూల్ మారింది. తప్పు దొరికిందని చెప్పి చేతులు దులుపుకునే టెస్టర్‌కు రోజులు దగ్గరపడ్డాయి. తప్పు ఎందుకొచ్చిందో కోడ్ చదివి చెప్పగలిగి, అది మళ్లీ రాకుండా స్క్రిప్ట్ రాయగలిగినవాడికి పని ఉంటుంది. ఏఐ రాసిచ్చిన కోడ్ గుట్టలు గుట్టలుగా వస్తున్నప్పుడు అందులో ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో తేల్చే మనిషి అవసరం తగ్గదు.

సున్నాను ఎలా చూపించాలి?

నయీముద్దీన్‌కు 27 ఏళ్లు పట్టింది. మనకు అంత ఓపిక ఉండదు, అక్కర్లేదు కూడా. కాబట్టి మూడు పనులు చెప్తాను.

మొదటిది, రాసి పెట్టుకోండి. జరగని నష్టానికి సాక్ష్యం మీరు రాసుకున్న లెక్కే. రెజ్యూమెలో 'ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'రాత్రి నడిచే జాబ్ వారానికి మూడుసార్లు ఆగేది, కారణం కనిపెట్టి స్క్రిప్ట్ రాశాక రెండు నెలలు ఒక్కసారీ ఆగలేదు' అంటే అది అర్థమవుతుంది. మీ నిజమైన అంకెలు ఏవో అవే రాయండి, పెంచొద్దు. అప్రైజల్‌లో "కొత్తగా ఏం చేశావు?" అని అడిగినప్పుడు చేతిలో ఆ కాగితం లేకపోతే నోరు పెగలదు.

రెండోది, ఇంకా చదువుతున్నవాళ్లు ఇప్పటి నుంచే మొదలుపెట్టొచ్చు. లైనక్స్, ఎస్‌క్యూఎల్, పైథాన్ ప్రాథమికంగా రావాలి. సెలీనియం గానీ ప్లేరైట్ గానీ ఒకటి నేర్చుకోండి. ఫైనలియర్ ప్రాజెక్ట్ అందరూ చేస్తారు. మీరు మీ స్నేహితుడి ప్రాజెక్ట్ తీసుకుని దాన్ని పడగొట్టడానికి ప్రయత్నించండి. పేరు గడిలో అంకెలేస్తే ఏమవుతుంది? నెట్ మధ్యలో పోతే? ఒకే బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతుందా? దొరికిన పది తప్పుల్ని, ఎలా దొరికాయో వివరంగా రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో అందరూ చెప్పే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కంటే దీని గురించి ఎక్కువసేపు మాట్లాడగలరు.

మూడోది, ఆఫర్ తీసుకునే ముందు అడగండి. టీమ్‌కు కోడ్ చూసే అనుమతి ఉంటుందా? ఏడాదిన్నర తర్వాత ఇక్కడి నుంచి డెవలప్‌మెంట్‌కో సెక్యూరిటీకో వెళ్లినవాళ్లు ఉన్నారా? నైట్ షిఫ్టులు నెలకు ఎన్ని? ఇవి అడిగితే ఆఫర్ పోతుందని భయపడొద్దు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు సమాధానం దాటేశారంటే మీకు సగం సమాధానం వచ్చేసినట్టే.

కాలేజీలకు, కంపెనీలకు కూడా ఒక మాట. ప్లేస్‌మెంట్ బోర్డు మీద డెవలపర్ ఆఫర్లను పెద్ద ఫొటోలతో పెట్టి, మిగతావాటిని 'తదితరులు' అని రాయడం మానండి. అప్రైజల్ ఫారంలో 'ఏం కొత్తగా కట్టారు' అనే గడి పక్కనే 'ఏం కూలకుండా ఆపారు' అనే గడి కూడా పెట్టండి. ఒక్క గడి చేరిస్తే చాలు, ఎంతో మంది పని వెలుగులోకి వస్తుంది.

స్ట్రైకర్ కావాలనుకోవడం తప్పు కాదు, కాగలిగితే కండి. కానీ పదకొండు మందీ గోల్ దగ్గరే నిలబడితే మన వైపు గోల్‌పోస్ట్ ఖాళీ. మీకు వెనక నిలబడే చోటు దొరికితే సిగ్గుపడకుండా చేరండి, కోడ్ చదవండి, లెక్క రాసుకోండి. "ఈ ఏడాది మా సిస్టమ్ ఒక్కసారీ పడలేదు" అని ఎవరైనా అన్నప్పుడు, ఆ సున్నా నాది అని చెప్పి చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి.