స్కిప్ కొట్టకుండా వినాల్సిన నాలుగు ఆల్బమ్స్

పింక్ ఫ్లాయిడ్ టీషర్ట్ కనపడని ఇంజినీరింగ్ హాస్టల్ ఉండదు. డ్రీమ్ థియేటర్ గురించి గంటసేపు వాదించే సీనియర్ కూడా ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. ఈ రెండు బ్యాండ్లకీ మధ్యలో ఒక పెద్ద చాప్టర్ ఉంది. దాని పేరు నియో ప్రోగ్రెసివ్ రాక్, షార్ట్‌కట్‌లో నియో ప్రోగ్. దాని గురించి అడిగితే మాత్రం మనోళ్లలో చాలామంది "అదేంటి బ్రో?" అంటారు.

ముందు చిన్న ఫ్లాష్‌బ్యాక్. 1970ల మొదట్లో జెనెసిస్, యెస్ లాంటి ఇంగ్లిష్ బ్యాండ్లు ఒక్కో పాటని 20 నిమిషాలు కూడా సాగదీసేవి. 1976-77కి పంక్ వచ్చింది. మూడు కార్డ్స్, మూడు నిమిషాలు, అంతే. పొడుగు పాటలు, కీబోర్డ్ సోలోలు ఒక్కసారిగా పాతబడిపోయాయి. సరిగ్గా అలాంటి టైమ్‌లో కొందరు కుర్రాళ్లు మళ్లీ పొడుగు పాటలే కట్టడం మొదలుపెట్టారు. ఎయిల్స్‌బరీలో మారిలియన్, సౌతాంప్టన్‌లో ఐక్యూ, రెడింగ్‌లో ట్వెల్ఫ్త్ నైట్, స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో పల్లాస్. లండన్‌లో వీళ్ల అడ్డా మార్కీ క్లబ్.

విమర్శకులు ఒక్క ముక్కలో తేల్చేశారు: జెనెసిస్ కాపీ. కొంత నిజమే, కీబోర్డ్ సౌండ్ వింటే పోలిక తెలిసిపోతుంది. కానీ పాటల్లో ఉన్న భయాలు వేరు. అణుయుద్ధం, తాగుడు, మనుషుల్ని మరబొమ్మలు చేసే వ్యవస్థ... అవన్నీ 80ల నాటి బ్రిటన్‌వే. మారిలియన్ ఆల్బమ్ 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' 1985లో బ్రిటన్ చార్ట్‌లో నంబర్ వన్ అయింది. అందులోని 'కేలీ' సింగిల్ రెండో స్థానం దాకా వెళ్లింది. ఈ జానర్ గురించి ఎవరు చెప్పినా అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. అందుకే ఈ వారం దాన్ని పక్కన పెడుతున్నా.

1. ట్వెల్ఫ్త్ నైట్ - ఫ్యాక్ట్ అండ్ ఫిక్షన్ (1982)

పెద్ద కంపెనీ లేదు, పెద్ద బడ్జెట్ లేదు. బ్యాండే సొంతంగా రిలీజ్ చేసుకుంది. సౌండ్ కాస్త పల్చగా ఉంటుంది, ముందే చెబుతున్నా. దాన్ని మర్చిపోయేలా చేసేది సింగర్ జెఫ్ మాన్. మొదటి పాట 'వి ఆర్ సేన్' 10 నిమిషాలు దాటుతుంది. మనుషుల్ని నెమ్మదిగా అదుపులోకి తెచ్చుకుని, "మేం బాగానే ఉన్నాం" అని వాళ్ల చేతే చెప్పించే కథ అది. గొంతు ఒకసారి గుసగుస, ఒకసారి అరుపు, ఒకసారి ఆఫీస్ అనౌన్స్‌మెంట్. అంత చీకటి తర్వాత ఆల్బమ్ 'లవ్ సాంగ్' అనే మామూలు పాటతో ముగుస్తుంది. మాన్ 1983లో బ్యాండ్ వదిలేశాడు, తర్వాత చర్చిలో ప్రీస్ట్ అయ్యాడు. 1993లో క్యాన్సర్‌తో పోయాడు. ఈ సంగతి తెలిశాక ఆ ఆఖరి పాట ఇంకోలా వినిపిస్తుంది.

2. పల్లాస్ - ద సెంటినెల్ (1984)

ప్రొడ్యూసర్ ఎడ్డీ ఆఫర్డ్. యెస్ బ్యాండ్ పెద్ద ఆల్బమ్స్ చేసిన మనిషే. అట్లాంటిస్ మునిగిపోయిన కథని అడ్డం పెట్టుకుని అమెరికా-సోవియట్ కోల్డ్ వార్ గురించి చెప్పాలన్నది పల్లాస్ ప్లాన్. తీరా రికార్డ్ బయటికొచ్చేసరికి ఆ కథ ముక్కలైపోయింది. కొన్ని భాగాలు కమర్షియల్ పాటల పక్కన సర్దుకున్నాయి, కొన్ని సింగిల్స్ వెనక వైపుకి వెళ్లిపోయాయి. సినిమాలో ఇంటర్వెల్ ముందు సీన్లన్నీ తీసి ట్రైలర్‌లో పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఆ భాగాలన్నీ తర్వాత వచ్చిన సీడీల్లో మళ్లీ ఒకచోట చేరాయి. కాబట్టి యాప్‌లో ఏ ఎడిషన్ ఉందో చూసుకుని వినండి. తొందరగా ఉంటే కనీసం 'అట్లాంటిస్' ఒక్కటైనా.

3. ఐక్యూ - ఎవర్ (1993)

నాలుగింటిలో నా ఫేవరెట్ ఇదే. 1985లో సింగర్ పీటర్ నికోల్స్ వెళ్లిపోయాడు. కొత్త సింగర్‌తో, పెద్ద లేబుల్‌తో, కాస్త పాప్ వైపు జరిగి రెండు ఆల్బమ్స్ చేశారు. హిట్ రాలేదు, లేబుల్ పోయింది. అప్పటి బేస్ ప్లేయర్ లెస్ మార్షల్ చనిపోయాడు. ఇక కథ ముగిసిందనుకునే టైమ్‌లో నికోల్స్ తిరిగొచ్చాడు. ఈసారి ఎవర్నీ అడగకుండా సొంత లేబుల్ మీదే రిలీజ్ చేశారు. దాని పేరు జెయింట్ ఎలక్ట్రిక్ పీ.

'ద డార్కెస్ట్ అవర్'లో మైక్ హోమ్స్ గిటార్, మార్టిన్ ఆర్ఫర్డ్ కీబోర్డ్స్ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. 'ఫర్దర్ అవే' 14 నిమిషాలు. నెమ్మదిగా మొదలై మధ్యలో తాళం మార్చుకుంటూ పోతుంది, ఎక్కడా బోర్ కొట్టదు. చివరి పాట 'కేమ్ డౌన్'లో మాటలైపోయాక గిటార్ ఒక్కటే మిగులుతుంది. ఏడ్పించాలని చేసినట్టు ఉండదు. ఏడుపు వస్తే మాత్రం నాకు సంబంధం లేదు.

4. మారిలియన్ - బ్రేవ్ (1994)

సింగర్ ఫిష్ 1988లో బ్యాండ్ వదిలాక వచ్చిన స్టీవ్ హోగార్త్ ఒకసారి రేడియోలో ఒక ప్రకటన విన్నాడు. సెవర్న్ బ్రిడ్జ్ మీద ఒంటరిగా తిరుగుతూ ఒక అమ్మాయి పోలీసులకి దొరికింది, తనెవరో చెప్పట్లేదు, ఎవరికైనా తెలుసా అని. ఆ అమ్మాయి అక్కడి దాకా ఎలా వచ్చి ఉంటుంది? 70 నిమిషాల ఆల్బమ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఊహించిన కథే. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతులు, పారిపోవడం, చుట్టూ జనం ఉన్నా ఒంటరితనం. 30 ఏళ్లు దాటినా ఏ పాటా పాతబడలేదు.

కోడ్ రాసేవాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. వినైల్ రికార్డ్‌లో ఆఖరి వైపు రెండు గాడులు పక్కపక్కనే చెక్కారు. సూది ఏ గాడిలో పడితే కథకి ఆ ముగింపు. ఒకదాంట్లో ఆశ ఉంటుంది, ఇంకోదాంట్లో నీళ్ల చప్పుడే ఉంటుంది. ప్లాస్టిక్ మీద చెక్కిన ఇఫ్-ఎల్స్ అది! మామూలు సీడీలో ఆశ ఉన్న ముగింపే ఉంది. సౌండ్ శుభ్రంగా కావాలంటే 2018లో స్టీవెన్ విల్సన్ చేసిన రీమిక్స్ వెతకండి.

ఇప్పుడు అసలు సంగతి. స్ట్రీమింగ్ యాప్స్‌లో ఒక పాటని 30 సెకన్లు వింటే ఒక ప్లే కింద లెక్క. రెండు నిమిషాల పాటైనా ఒకటే, ఐక్యూ వాళ్ల 24 నిమిషాల 'హార్వెస్ట్ ఆఫ్ సోల్స్' అయినా ఒకటే. ఆ లెక్కలో పొడుగు పాట కట్టేవాడు ఎప్పుడూ నష్టపోయేవాడే. ఇక ఇలాంటి సంగీతాన్ని బతికించేది ఎవరు? వినేవాళ్లే. 1997లో మారిలియన్‌కి అమెరికా టూర్‌కి డబ్బుల్లేకపోతే ఫ్యాన్స్ ఇంటర్నెట్‌లో కలిసి దాదాపు 60,000 డాలర్లు పోగుచేశారు. 2001లో వచ్చిన 'అనొరాక్నోఫోబియా'కైతే రికార్డింగ్ మొదలవకముందే 12,000 మందికి పైగా డబ్బులు కట్టేశారు. క్రౌడ్‌ఫండింగ్ అనే మాట జనం నోట్లోకి రాకముందు సంగతి ఇది. అదే బ్యాండ్ 2022లో 'యాన్ అవర్ బిఫోర్ ఇట్స్ డార్క్'తో బ్రిటన్ చార్ట్‌లో మళ్లీ రెండో స్థానానికి వెళ్లింది.

కాబట్టి రెండు పనులు చేయండి. వినేటప్పుడు షఫుల్ ఆపేసి, సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఆన్ చేసుకోండి. 'బ్రేవ్'లో పాటలు ఒకదాంట్లోంచి ఒకటి జారుతుంటాయి, మధ్యలో ఖాళీ వస్తే ఆ మజా పోతుంది. నచ్చాక వీలైతే బ్యాండ్ సైట్‌లో ఒక్క ఆల్బమైనా కొనండి. ఒక బిర్యానీ మానేస్తే సరిపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 'ఎవర్' 50 నిమిషాలే. కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కునే టైమ్ కంటే తక్కువ.