పటముపై చుక్క, నేలపై స్తంభము

మన కళాశాలలో ఒక కమ్యూనిటీ రేడియో కేంద్రాన్ని నెలకొల్పవలెనని పాలక కమిటీ వారు సంకల్పించిన సంగతి విద్యార్థులందరికీ తెలిసినదే. కడప పట్టణంలో ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను పలికే చిన్న కేంద్రం ఒకటి మన ఆవరణ నుండి వెలువడడం మనందరికీ గౌరవప్రదం. ఆ సంకల్పాన్ని మేము మనసారా హర్షిస్తున్నాము. అయితే దరఖాస్తుతో జతపరచదలచిన పటం విషయమై మాకొక అభ్యంతరం కలదు. ఛందస్సు బోధించేవారికి పటాలతో పని యేమని కొందరు అడుగవచ్చును. దరఖాస్తుకు శుద్ధప్రతి వ్రాసే పని మాకే అప్పగించబడినది. అందలి తప్పులలో మొదటిది మా చేతి మీదుగానే జరిగినది. కనుక మాట్లాడే హక్కు మాకు కొంత ఉన్నదనుకుంటున్నాము.

ఆ మొదటి తప్పు ఇది. కడప ఉనికి సుమారు 14 డిగ్రీల 28 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 49 నిమిషాల తూర్పు రేఖాంశం. మేము దానిని కంప్యూటరులో 14.28, 78.49 అని నింపాము. డిగ్రీకి నిమిషాలు 60 గాని 100 కావు. 28 నిమిషాలను దశాంశంలో వ్రాస్తే 0.467, 49 నిమిషాలను వ్రాస్తే 0.817 అవుతుంది. ఒక్క చుక్కను సరిగా పెట్టనందుకు మన కళాశాల 40 కిలోమీటర్లు నడిచి వెళ్ళి, వేంపల్లెకు దక్షిణాన ఎక్కడో నిలబడినది. ఒక లఘువు జారితే పద్యం కుంటుతుందని తరగతిలో చెప్పే మాకు ఇది తగిన శాస్తియే. పటం తెరపైకి రాగానే విద్యార్థులు నవ్వారు, మేమూ నవ్వాము, తప్పు దిద్దబడినది.

రెండవ తప్పుకు ఎవరూ నవ్వలేదు. అది అంత దూరం పోలేదు గనుక ఎవరి కంటా పడలేదు. కమిటీ సమావేశంలో చూపిన రంగుల పటంలో స్తంభపు చుక్కను మన ఆవరణ వెనుక మిట్టపై గుర్తించారు. ఆ అంకెలు ఒక పాత సర్వే పటం నుండి తీసినవి. పాత పటాలు ఎవరెస్టు పేరుతో 1830 నాటి కొలతలలో నిర్ణయించిన భూమి ఆకారాన్ని ఆధారం చేసుకున్నవి. నేటి ఉపగ్రహ పరికరాలు, కంప్యూటరు పటాలు వేరొక ఆకారాన్ని ఆధారం చేసుకున్నవి. 2005 నాటి జాతీయ పటాల విధానంతో ప్రజలకు అందే సర్వే పటాలు కూడ ఆ క్రొత్త ఆధారానికే మారినవి. పాత అంకెను మార్పు చేయకుండ క్రొత్త పటంపై పెడితే మన ప్రాంతంలో చుక్క 100 మీటర్లకు మించి జరుగుతుంది. మన విషయంలో దాదాపు 200 మీటర్లు జరిగినది. అదియు ఎటు? దక్షిణంగా, ప్రహరీగోడ దాటి, పాలకొండల వాలు మీదికి.

మైదానంలో 200 మీటర్లు జరిగితే వచ్చే నష్టం స్వల్పం. కొండపాదంలో అట్లు కాదు. ఐదడుగులకు ఒక అడుగు లేచే వాలులో 200 మీటర్లకు 40 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. కమ్యూనిటీ రేడియోకు 2006 నాటి మార్గదర్శక సూత్రాలు అనుమతించినది 100 వాట్ల శక్తి, నేల నుండి 30 మీటర్లు మించని స్తంభం. అనగా మనం కట్టబోయే స్తంభంకంటె ఎక్కువ ఎత్తును ఆ పటం మనకు ఉచితంగా దానమిచ్చినది! విద్యాసంస్థలు తమ ప్రధాన ఆవరణలోనే స్తంభాన్ని నిలుపవలెనని నియమం ఉన్నందున, మనము నిజంగా ఆ వాలు పైకి పోయి నిలుపుకొనే అవకాశమూ లేదు.

ఆ ఎత్తుల పటం ఎట్లు పుట్టినదో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. 2000 ఫిబ్రవరిలో అమెరికా వారి ఎండీవర్ నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడారుతో నేల ఎత్తులను కొలిచినది. 2014 నుండి ఆ కొలతలు 30 మీటర్ల గడులుగా అందరికీ క్రమంగా అందుబాటులోకి వచ్చినవి. ఒక్కొక్క గడికి ఒకే ఎత్తు. రాడారు చెట్ల పైభాగాన్ని, మేడల పైకప్పును కూడ కొంతవరకు నేలగానే లెక్కించినది. కనుక మన మేడ ఎత్తును ఆ అంకెకు మరల కలిపితే ఒకే మేడను రెండు మారులు ఎక్కినట్లవుతుంది.

ఇంతకూ ఈ గణన అంతా ఎందుకు? 1963లో ఆరంభమైన కడప ఆకాశవాణిని మన పెద్దలు మధ్యమ తరంగాలపై విన్నారు. ఆ తరంగాలు నేలను అంటిపెట్టుకొని గుట్టలను చుట్టి పోగలవు. మనకు లభించే ఎఫ్.ఎం. తరంగాలు ఇంచుమించు చూపు వలె తిన్నగా పోతాయి. మధ్యన మిట్ట అడ్డుపడితే దాని వెనుక నీడ పడుతుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను సమయాన బుగ్గవంక పొంగి కడపలో ఇండ్లలోకి నీరు వచ్చిన సంగతి మన విద్యార్థులలో అనేకులకు స్వానుభవం. విద్యుత్తు లేని అట్టి రాత్రి బ్యాటరీతో పలికే చిన్న రేడియో మాత్రమే కొందరికి దిక్కు కావచ్చును. రంగుల పటంలో వంక ఒడ్డు పొడవునా ఆకుపచ్చ రంగున్నది. చుక్కను దాని నిజస్థానానికి దింపి మేము మరల వేయించి చూడగా వంక ఒడ్డున రెండు పేటలు రంగు కోల్పోయినవి. ఆ రెండు పేటల పిల్లలు మన తరగతులలో ఉన్నారు.

“ఇంత చిన్న కేంద్రానికి ఇంత పట్టింపా? తప్పుంటే అనుమతినిచ్చే కార్యాలయం వారే దిద్దుతారు” అని సమావేశంలో ఒక పెద్దలు సెలవిచ్చారు. వారి యెడ మాకు గల గౌరవానికి లోపం రాకుండ మా అసమ్మతిని తెలుపుకుంటున్నాము. స్థలానుమతి కోరే పత్రంలో అక్షాంశ రేఖాంశాలను సెకనుల వరకు వ్రాయవలసి ఉన్నది. అక్షాంశంలో ఒక సెకను అనగా సుమారు 31 మీటర్లు. ఆ పత్రంపై సంతకం మనది. పెద్ద కేంద్రానికి శక్తి ఎక్కువ గనుక కొంత పొరపాటును అది భరించగలదు; 100 వాట్ల కేంద్రానికి ఆ స్తోమత ఎక్కడిది?

స్థలనిర్ణయం మన సంప్రదాయానికి పరాయి విద్య కూడ కాదు. గజనీ నగరంలో ఖిబ్లా దిశ నిర్ణయం ప్రధానోద్దేశాలలో ఒకటిగా అల్ బిరూనీ 1025లో నగరాల ఉనికిపై ఒక గ్రంథమే ముగించాడు. నందన దుర్గం వద్ద కొండ ఎత్తును కొలిచి, దాని శిఖరం నుండి దిగంతం ఎంత క్రిందికి వంగినదో చూచి భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టినవాడు అతడే. ఎవరెస్టు సర్వేకు కోణమాపక యంత్రాలను మరమ్మతు చేసి నిలబెట్టినవాడు ఆర్కాటు వాస్తవ్యుడు సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. మన చరిత్ర పాఠాలలో ఈ పేరు ఎందుకు లేదో మాకు తెలియదు.

ఆ సర్వేవారు దూరపు గుట్టలను గుర్తించడానికి అద్దంతో సూర్యకాంతిని మెరపించేవారు. మనమూ ఆ పని చేయవచ్చును. అనుమతి లేనిదే రేడియో ప్రసారం చేసి చూడరాదు గాని, అద్దం మెరపించడానికి ఏ అనుమతీ అక్కరలేదు. ఒక జట్టు మన పాత మేడపైన, మరొకటి వెనుక మిట్టపైన నిలిచి అద్దాన్ని త్రిప్పవలెను. బుగ్గవంక ఒడ్డు పేటలలో ఇద్దరిద్దరు చొప్పున నిలిచి, మెరుపు కనబడినదో లేదో వ్రాసుకోవలెను; తాము నిలిచిన చోటి అంకెలను ఫోనులో చూచి అక్కడికక్కడే గుర్తించుకోవలెను. స్తంభం 30 మీటర్లు పైకి లేస్తుంది గనుక మెరుపు కనబడని చోట రేడియో వినబడదని చెప్పలేము. కనబడిన చోట మాత్రం దారి తెరిచి ఉన్నట్లే. ఒక ఆదివారం ఉదయం చాలును.

ఇరువది మంది విద్యార్థులు, అందులో తొమ్మండుగురు ఉర్దూ విభాగం వారు, ఇప్పటికే పేర్లు ఇచ్చారు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో అద్దాలు మూడున్నవి, ఒకటి పగిలినది. ఆ ఆదివారం జరిగే వరకు దరఖాస్తును పంపకుండ ఆపి ఉంచవలసినదిగాను, ప్రయోగశాల, మేడమెట్ల తాళపుచెవులు మాకు ఇప్పించవలసినదిగాను కమిటీ వారిని సవినయంగా కోరుతున్నాము.