నూరేళ్ల వయసులో పాస్‌పోర్ట్

అలెగ్జాండ్రా డేవిడ్-నీల్‌ను టిబెట్ రాజధాని లాసా చేరిన తొలి యూరప్ మహిళగా మాత్రమే తలచుకోవడం ఆమెకు అన్యాయం. 1868లో పారిస్ దగ్గర పుట్టి, ఒపేరా గాయనిగా హనోయ్ దాకా వెళ్లిన ఆమె 1911లో భారతదేశానికి బయల్దేరారు. ఏడాదిన్నరలో వస్తానని భర్తకు మాటిచ్చారు. తిరిగి యూరప్ చేరేసరికి పద్నాలుగేళ్లు గడిచాయి.

ఆ ఏళ్లలో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకునేది లాసా కాదు, సిక్కింలోని లాచెన్. అక్కడ ఒక గోమ్‌చెన్ (ఏకాంతంలో ధ్యానం చేసే బౌద్ధ సాధకుడు) దగ్గర శిష్యరికం చేసి, కొండగుహలో చలికాలాలు గడిపి, టిబెటన్ భాషను, బౌద్ధ సాధనను నేర్చుకున్నారు. ఆ తపస్సు లేకపోతే తర్వాతి సాహసం సాధ్యమయ్యేది కాదు. 1924లో 55 ఏళ్ల వయసులో, ముఖానికి మసి పూసుకుని, జుట్టుకు నల్ల సిరా రాసుకుని, యాత్రకు వెళ్లే బిచ్చగత్తెలా నెలల తరబడి నడిచి ఆమె లాసాలో అడుగుపెట్టారు. విదేశీయులకు ఆ నగరం మూసి ఉన్న రోజులవి.

నూరేళ్లు నిండాక కూడా పాస్‌పోర్ట్‌ను పునరుద్ధరించుకున్నారు. 1969లో కన్నుమూశారు.

ఆమెను కీర్తించేవారు ఇద్దరిని మరవకూడదు. దూరం నుంచే డబ్బు పంపి ఆదుకున్న భర్త ఫిలిప్ ఒకరు. లాసా దారంతా వెంట నడిచిన దత్తపుత్రుడు, సిక్కింకు చెందిన లామా యోంగ్‌డెన్ మరొకరు. ఆ యాత్ర ఘనతలో యోంగ్‌డెన్‌కు సమాన వాటా ఉంది. చరిత్ర దాన్ని ఇంకా పూర్తిగా ఇవ్వలేదు.