ఇంజిన్ నడుస్తూనే ఉంది

చిన్న విమానం ఎక్కడ కూలినా మన దగ్గర తీర్పు ముందే తయారుగా ఉంటుంది: "ఒక్క ఇంజినే కదా, ఆగిపోయి ఉంటుంది. పైగా డొక్కు విమానం." 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో, 2022 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ దగ్గర శిక్షణ విమానాలు కూలినప్పుడు కూడా టీ కొట్ల దగ్గర ఈ మాట నడిచింది. కొన్నాళ్లకు ఇంకాస్త తెలిసినవారు వచ్చి, "ఇంజిన్ కాదండీ, పైలట్ తప్పిదం" అని సవరిస్తారు. మొదటి మాట చాలాసార్లు అబద్ధం. రెండోది నిజమైన చోట కూడా, అక్కడితో ఫైలు మూసేయడం తప్పు.

ముందు ఇంజిన్ సంగతి. అది ఆగితే విమానం రాయిలా పడదు, జారుతుంది. సెస్నా 172కు వెయ్యి మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆగిందనుకోండి. గాలి నిలకడగా ఉంటే ఇంకా తొమ్మిది కిలోమీటర్ల దూరం చేతిలో ఉన్నట్టే. పైగా ఇలాంటి విమానం నెమ్మదిగా దిగి తీరాలని నియమాలే కట్టడి చేశాయి. రెక్కలు గాలిపై పట్టు కోల్పోయే వేగాన్ని స్టాల్ వేగం అంటారు. ఒకే ఇంజిన్ ఉన్న విమానానికి అది 61 నాట్లు, అంటే గంటకు 113 కిలోమీటర్లు, దాటకూడదన్నది అమెరికా ధ్రువీకరణలో దశాబ్దాల పాటు సాగిన షరతు. బరువులు, మనుషులు కలిపి మోసే సెస్నా కారవాన్ కూడా ఆ గీతకు లోబడే పుట్టింది. నేలను తాకినప్పటి దెబ్బ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. పొలంలోనో రోడ్డు మీదో దిగి, చక్రం విరిగి, లోపలివాళ్లు నడిచి బయటికొచ్చిన ఘటనలు కొల్లలు. పేపర్లో వాటికి నాలుగు లైన్లు కూడా దక్కవు.

ఆగిన ఇంజిన్లు కూడా ఎందుకు ఆగాయో అడగాలి. ట్యాంకులో ఇంధనం అయిపోయి. పక్క ట్యాంకు నిండుగా ఉండగా మీట ఖాళీ ట్యాంకు వైపే ఉండిపోయి. అడుగున చేరిన నీటిని బయల్దేరే ముందు వంచి చూడక. ఇక కార్బ్యురేటర్‌లో కట్టే మంచు ఒకటుంది. ఇది చలి దేశాల బెడద అనుకునేవారు చాలామంది. ఇంధనం ఆవిరవుతూ లోపలి గాలిని ముప్పై డిగ్రీల దాకా చల్లబరచగలదు. బయట 20 డిగ్రీలుండి, గాలిలో తేమ దండిగా ఉంటే చాలు, ఇంజిన్ గొంతులో మంచు పేరుకుంటుంది. అలాంటి ఉదయాలు డిసెంబరు నెలలో మన కోస్తాలోనూ ఉంటాయి. విరుగుడుగా వేడి గాలి పంపే మీట పైలట్ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. దాన్ని లాగకపోతే ఆ నేరం ఇంజిన్‌ది ఎలా అవుతుంది?

"రెండు ఇంజిన్లు పెడితే సరి" అనేవారికి ఒక్క మాట. పిస్టన్ ఇంజిన్లతో నడిచే చిన్న విమానంలో రెండింట్లో ఒకటి ఆగితే పోయేది సగం శక్తే, కానీ పైకెక్కే సత్తువలో ఎనభై శాతం దాకా పోతుంది. ఉన్న శక్తిలో ఎక్కువ భాగం ఎత్తు నిలుపుకోవడానికే సరిపోతుంది. నడుస్తున్న ఇంజిన్ విమానాన్ని పక్కకు లాగుతుంది. వేగం కాస్త తగ్గిందంటే బోర్లా తిప్పేస్తుంది కూడా. రెండో ఇంజిన్ ఉన్నది కూలే చోటికి చేర్చడానికే అని పైలట్లు వేళాకోళం ఆడుతుంటారు. అది అతిశయోక్తే, పెద్ద టర్బైన్ విమానాలకు వర్తించదు. కానీ రెండోది ఉంటే భయం లేదన్న ధీమాకు అది సరైన వాత.

మనుషుల్ని చంపుతున్నవాటిలో పాత శత్రువు మబ్బు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం చేసింది. పరికరాలు మాత్రమే చూసి నడపడంలో శిక్షణ లేని 20 మంది పైలట్లను ఎంచుకుని, గాలిలో ఉండగా బయటి దృశ్యం కనబడకుండా చేసింది. ఇరవై మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు! కళ్లకు దిక్కు తెలియనప్పుడు చెవిలోని సమతుల్య యంత్రాంగం అబద్ధం చెబుతుంది. విమానం వంగి తిరుగుతుంటే తిన్నగా పోతున్నానని మనిషి నమ్ముతాడు. నమ్మి, ఇంకా బిగువుగా వెనక్కి లాగుతాడు. ఆ వేళ ఇంజిన్ భేషుగ్గా నడుస్తూనే ఉంటుంది.

పరికరాలు పెంచితే తీరుతుందా? 2016 అక్టోబరులో అలాస్కాలో టోగియాక్ దగ్గర ఒక కారవాన్ కొండను ఢీకొని అందులోని ముగ్గురూ పోయారు. కొండ దగ్గరపడుతోందని అరిచే పరికరం ఆ విమానంలో ఉంది. దాని నోరు నొక్కి ఉంచారు. అలాస్కాలో తక్కువ ఎత్తులో ఎగరడం రోజువారీ పని కాబట్టి ఆ పరికరం అయినదానికీ కానిదానికీ అరుస్తుంది, విసిగిన పైలట్లు మీట నొక్కేస్తారు. అలా నొక్కడాన్ని కంపెనీ అనుమతించిందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చి చెప్పింది.

తర్వాత బరువు, రెక్కలపై మంచు. ఈ రెండూ కలిసిన కథ 2004 జనవరి 17న కెనడాలోని పీలీ దీవిలో జరిగింది. వేట ముగించుకున్నవారే ఎక్కువమంది ఉన్న ఒక కారవాన్ విండ్సర్‌కు బయల్దేరి, లేచిన కాసేపటికే ఈరీ సరస్సుపై కూలింది. పదిమందీ మరణించారు. అనుమతించిన బరువుకంటే కనీసం 15 శాతం ఎక్కువతో లేచిందని, అప్పటికే దానిపై మంచు పేరుకుని ఉందని కెనడా దర్యాప్తు తేల్చింది. ఆ అదనపు బరువు కిలోల్లో చెప్పాలంటే ఆరు వందలకు అటూ ఇటూ. ఇంత బరువు ఎవరి కంటా పడకుండా ఎలా ఎక్కింది? అప్పటి పద్ధతిలో ప్రయాణికులను తూచనక్కర్లేదు. మనిషికి ఇంత అని ఒక సగటు అంకె వేసుకుంటే చాలు. చలికోట్లు తొడుక్కున్న భారీ వేటగాళ్లకు ఆ సగటు ఏ మూలకు? ఆ తర్వాతే కెనడా ఆ అంకెలను పెంచింది. కారవాన్ విషయంలో మంచు ప్రమాదాలు వరుసగా జరిగాక అమెరికా కూడా మంచు పడే వేళ 120 నాట్లకు తగ్గి ఎగరవద్దని ఆంక్ష పెట్టింది. ఈ కథలో ఎన్ని ఇంజిన్లున్నాయన్న ప్రశ్నకు చోటెక్కడ?

"పాత విమానాలను నిషేధించాలి" అన్న డిమాండూ తరచూ వింటాం. డి హావిలాండ్ కెనడా వారి బీవర్ 1947లో తొలిసారి ఎగిరింది, తయారీ 1967లో ఆగింది, ఈనాటికీ సరస్సుల మీద వాలుతూనే ఉంది. 2015 ఆగస్టులో క్వెబెక్‌లో పర్యాటకులతో తిరుగుతున్న బీవర్ ఒకటి తక్కువ ఎత్తులో బాగా పక్కకు వాలి మలుపు తిరుగుతూ స్టాల్ అయి పడింది. ఆరుగురూ పోయారు. అరవై డిగ్రీలు వాలి మలుపు తిప్పితే రెక్కలు మోయాల్సిన బరువు రెట్టింపవుతుంది, స్టాల్ వేగం నలభై శాతం పెరుగుతుంది. కొత్త విమానానికీ ఇదే లెక్క. పాతదనం గురించి నేను ఒక్క విషయం ఒప్పుకుంటాను: స్టాల్ దగ్గరపడుతోందని హెచ్చరించే పరికరం లేకుండానే బీవర్లు తిరుగుతున్నాయి, వాణిజ్య బీవర్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేయాలని కెనడా దర్యాప్తు సంస్థ గట్టిగా అడిగింది. అడగాల్సింది అదే, నిషేధం కాదు. 2022 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో మ్యూటినీ బేలో పడి పదిమందిని బలిగొన్న ఆటర్ రకం విమానం కూడా పాతదే. దానికి టర్బైన్ ఇంజిన్ బిగించి ఉంది, ఆ ఇంజిన్‌కు ఏమీ కాలేదు. తోక దగ్గరి ట్రిమ్ యంత్రంలో నట్టు ఊడకుండా ఆపే లాక్ రింగ్ లేకపోవడంతో నట్టు తిరిగి తిరిగి ఊడిపోయింది. సాంకేతిక లోపమే, కాదనను. కానీ దాన్ని పట్టాల్సింది తనిఖీ చేసే మెకానిక్ కన్ను.

ఇప్పుడు "పైలట్ తప్పిదం" అనే పెద్దమనుషుల వంతు. 2015 జూన్‌లో అలాస్కాలోని కెచికాన్ దగ్గర ఒక ఆటర్ ఎల్లా సరస్సు పక్కనున్న కొండను ఢీకొని తొమ్మిది మంది పోయారు. పైలట్ మబ్బులోకి వెళ్లాడు, నిజం. వెళ్లిందెందుకు? ప్రయాణికులు ఓడలో వచ్చిన విహారయాత్రికులు, ఓడ బయల్దేరే వేళకు వాళ్లను చేర్చాలి. చెడ్డ వాతావరణంలో ఎగరడాన్ని కంపెనీ వాతావరణమే లోపాయికారీగా ప్రోత్సహించిందని ఎన్‌టీఎస్‌బీ రాసింది. ట్రిప్పు రద్దు చేస్తే సొమ్ము పోయేది యజమానికి, చెడ్డపేరు వచ్చేది పైలట్‌కు. అలాంటి చోట "పైలట్ తప్పిదం" అన్నమాట యజమానికి దొరికిన బీమా పాలసీ.

2017 డిసెంబరు 31న సిడ్నీకి ఉత్తరాన హాక్స్‌బరీ నదిలో ఒక బీవర్ సీప్లేన్ పడింది. పైలట్‌తో కలిపి ఆరుగురు మరణించారు. ఆ పైలట్‌కు వేల గంటల అనుభవం. అలాంటి మనిషి ఇరుకైన జెరూసలేం బేలోకి విమానాన్ని ఎందుకు తిప్పాడో, ఎందుకంతగా పక్కకు వాల్చాడో అర్థం కాలేదు. తప్పిదం అని రాసేసి ఉంటే ఎవరూ ప్రశ్నించేవారు కాదు. ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ అలా చేయలేదు. రెండేళ్లు దాటాక రక్త నమూనాలను మళ్లీ పరీక్షించి చూస్తే అందులో కార్బన్ మోనాక్సైడ్ తేలింది. ఎగ్జాస్ట్ గొట్టంలో పగుళ్లున్నాయి. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ నడుమనున్న మంటగోడకు కొన్ని బోల్టులు లేవు. ఆ రంధ్రాల గుండా పొగ లోపలికొచ్చింది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది సోకితే ముందు మాయమయ్యేది వివేచన. ఇంజిన్ అప్పుడూ నడుస్తూనే ఉంది. ఈ వాయువు తగిలితే రంగు మారే చవక చీటీలను నమ్ముకోవద్దని, ప్రమాదం వస్తే గట్టిగా మోగే పరికరాన్ని పిస్టన్ విమానాల్లో పెట్టుకోవాలని ఏటీఎస్‌బీ కోరింది. అలాంటిది ఒక మంచి మొబైల్ ఫోను ఖరీదులో వస్తుంది.