ఎముకల మందు – పంటి వైద్యము

ఈ మాసము మేము వ్రాయబూనిన సంగతి చిన్నదిగా తోచవచ్చును. విజయవాడలో బెంజ్ సర్కిలు వద్ద నొక దంతవైద్యుని గదిలో మొన్న జరిగినది.

మా యెరుకలోని పెద్దావిడ యొకరు ఉయ్యూరు ప్రాంతమునుండి కోడలిని వెంటబెట్టుకొని పన్ను తీయించుకొనుటకు వచ్చిరి. మందులేమైన వాడుచున్నారా యని వైద్యుడడుగగా, “బీపీ బిళ్ళ ఒక్కటే నాయనా” అనిరి. “అత్తయ్యగారూ, ఆరునెలలకోసారి పొట్టమీద సూది వేయించుకుంటున్నారు కదా!” అని కోడలు జ్ఞప్తిచేసినది. వైద్యుడు చేతిలోని పనిముట్టు క్రింద బెట్టెను. అసత్యమాడవలెనని ఆమె తలంపు కాదు. దినదినము మ్రింగునదే మందు గాని, యేట రెండుమారులు వచ్చునది మందని మనలో నెందరికి తోచును?

ఎముక రాయివంటిది కాదు. పాతదానిని కూల్చు కణములును, క్రొత్తది కట్టు కణములును అందు ఎడతెగక పనిచేయుచుండును. ముట్లుడిగిన పిదప కూల్చుట హెచ్చి యెముక గుల్లబారును. వారమున కొకసారి మ్రింగు అలెండ్రోనేటు, ఏట నొకసారి నరమున కెక్కించు జోలెడ్రోనిక్ ఆమ్లము, ఆరుమాసముల కొకసారి చర్మము క్రింద నిచ్చు డెనోసుమాబు ఆ కూల్చు పనిని అణచును. వెన్నెముక, తుంటియెముక విరుగుట వీనివలన తగ్గును. ఇది గొప్ప మేలు.

అయితే పన్ను తీసిన గుంట మానుటకు దవడయెముకలో ఆ కూల్చుటయు కట్టుటయు రెండును కావలెను. కొందరిలో గాయము మానక, దవడయెముక యెనిమిది వారములు దాటినను బయల్పడియుండును. 2003లో అమెరికా శస్త్రవైద్యులు దీనిని మొదట వెల్లడించిరి. పందొమ్మిదవ శతాబ్దమున అగ్గిపుల్లల కర్మాగారములలో తెల్లభాస్వరపు ఆవిరి పీల్చిన కూలివారికి, అందును స్త్రీలకు, దవడలు కుళ్ళెడివి. ఆ భాస్వరమును మాన్పుటకు 1906లో బెర్నె నగరమున కొన్ని దేశములు ఒడంబడిక చేసికొన్నవి. నేటి రోగము దానిని తలపించునని వైద్యు లందురు.

భయపడకుడు. ఎముకల బలహీనతకు ఈ బిళ్ళలు వాడువారిలో 10,000 మందికి ఇద్దరు మొదలు అయిదుగురికి మాత్రమే ఇట్లగునని అంచనా. క్యాన్సరుకై పెద్ద మోతాదులు పొందువారికి అపాయము హెచ్చు.

ఇక పండ్లకు తీగె కట్టించుకొనుట. నడివయస్సున వారును ఇప్పుడు సిగ్గుపడక కట్టించుకొనుచున్నారు, మాకు సంతోషమే. పన్ను జరుగుటయన నేమి? ఒత్తిడి కలిగిన వైపున ఎముక కరగి, రెండవ వైపున పెరుగుటయే. కరగుటను మందు అణచినయెడల పన్ను మెల్లగా కదలును. సందులు పూర్తిగా మూయబడకపోవచ్చును. అలెండ్రోనేటు వంటివి మానిన పిదపను ఏండ్ల తరబడి ఎముకలో నిలిచియుండును గనుక, పూర్వము వాడిన మందును సైతము చెప్పవలయును. తీగె కూడదని కాదు. ఫలమెంతయో ముందుగా నెరిగి దిగవలెను. ఎముకల మందు మొదలిడక పూర్వమే పుచ్చుపండ్లు బాగుచేయించుకొనుట మేలు. తీయనక్కరలేని పంటికి వేరువైద్యము చేయించి నిలుపుకొనవచ్చును. కట్టుడుపండ్లు ఒరసికొని పుండు చేయుచున్న ఉపేక్షింపరాదు.

పై పెద్దావిడ కథకు వత్తము. చుట్టములు దవడ కుళ్ళునని భయపెట్టగా ఆమె సూదినే మానెదనని పట్టుపట్టిరి. మాకు కలవరము కలిగినది అప్పుడే. డెనోసుమాబు ఎముకలో నిలువదు. వైద్యు డెరుగకుండ గడువు దాటనిచ్చినచో, అణగియున్న కూల్పు ఒక్కుమ్మడిగా విజృంభించి వెన్నుపూసలు ఒకటి వెంట నొకటి విరుగవచ్చును. పంటికై వెన్ను పోగొట్టుకొందుమా?

దంతవైద్యుడు ఎముకల వైద్యునికి ఉత్తరము వ్రాసెను. ఇరువురును కూడబలుకుకొని, రాబోవు సూదికి మునుపు గాయము మానునంతటి వ్యవధి యుంచి దినము నిర్ణయించిరి. ముందుగా నోరు శుభ్రపరచి, పిదప పన్ను తీసిరి. గుంట పూడినది. సూదియు గడువు తప్పలేదు. ఆ తేదీని ఆమె బీపీ బిళ్ళల డబ్బీ మూతమీద కోడలిచేత పెద్ద అక్షరములతో వ్రాయించుకొన్నారు.