హారం అన్నా, ఛేద్ అన్నా ఒకటే!

మా దగ్గర ఏడో తరగతి దాకా చదివి, మరాఠీ బడిలో ఎనిమిదిలో చేరిన ఒకమ్మాయి మొన్న లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. “సార్, ఛేద్ అంటే ఏంటి?” అని అడిగింది. మనం హారం అనేదాన్నే మరాఠీలో ఛేద్ అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మాత్రం “తెలుగులో చదివించడమే తప్పయింది” అనేశారట. తమ్ముణ్ణి ఇప్పుడే మార్చేస్తారట.

తొందరపడొద్దని ఆ తల్లిదండ్రులకూ, మీకూ నా మనవి.

ఆమెకు తెలుగులోనే ఒక లెక్క ఇచ్చాను. మాహూర్ గుట్ట మీదికి జీపు బాడుగ 300 రూపాయలు. అనుకున్నవాళ్లలో ఇద్దరు రాలేదు. మిగతావాళ్లు తలా 75 ఇచ్చారు. మొదట ఎంతమంది అనుకున్నారు? ఆ సంఖ్యను ‘య’ అంటే, 300/(య−2) = 75. రెండు వైపులా (య−2)తో గుణించి, 300 = 75(య−2) అని రాసింది. య−2 = 4, య = 6. చిటికెలో చేసేసింది.

తర్వాత య/(య−3) = 3/(య−3) ఇచ్చాను. వెంటనే “య = 3” అంది. ఆ విలువ వేసి చూడమన్నాను. హారం సున్న అయింది! సున్నతో భాగించలేం కాబట్టి ఈ సమీకరణానికి సాధనే లేదు. ఈ పొరపాటు భాష వల్ల వచ్చింది కాదు. గుణించే పద్ధతి నేర్పి, ‘హారం సున్న కాకూడదు’ అన్న మాట ముందే రాయించని మా ఉపాధ్యాయుల వల్ల వచ్చింది.

భాస్కరాచార్యుడు 1150 నాటికే సున్న హారంగా గల రాశికి ‘ఖహరం’ అని వేరే పేరు పెట్టాడు. హారం, ఛేదం రెండూ ఆ పాత గణితంలోని సంస్కృత పదాలే. ఒకటి మనకు మిగిలింది, ఇంకొకటి మరాఠీకి.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశకే. ఇలాంటి సమీకరణాలు వచ్చేది ఆ తర్వాత. అందుకే వంతెన మనమే వేయాలి. ఆరో తరగతి నుంచే బోర్డు మీద రెండు పేర్లూ రాద్దాం: లవం–అంశ్, హారం–ఛేద్, చరరాశి–చల్, సాధన–ఉకల్. హారంలో చరరాశి కనిపిస్తే, అది ఏ విలువ కాకూడదో మొదటి వరుసలోనే రాయిద్దాం.

తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే. బడి మార్చే ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఆ లెక్క తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే, వాడికి తక్కువైంది నాలుగు మరాఠీ మాటలే.